రెండో ఏటి గ్రాంటు కోసం కేంద్ర మంత్రి గారికి ఒక పరిశోధక విద్యార్థి బహిరంగ లేఖ

పరిశోధన నిధుల వ్యవహారం చూసే గౌరవ కేంద్ర మంత్రి గారికి నమస్కారాలు.

మా ప్రాజెక్టుకు రెండో ఏటి గ్రాంటు విడుదల చేయమని, ఆగిపోయిన ఫెలోషిప్‌లు ఇప్పించమని మేము పంపిన విన్నపాలు చేరినట్లు రసీదులు వచ్చాయి గాని ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయవలసి వస్తోంది.

మెదడు, వెన్నుపాముల్లోని నాడులను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ జబ్బు ఏళ్ల తరబడి ముదురుతూ పోయే రకంలో కొలెస్ట్రాల్ పాత్ర ఏమిటన్నది నా పి.హెచ్‌డి. అంశం. కొలెస్ట్రాల్ అనగానే అందరికీ గుండె గుర్తొస్తుంది గాని, ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడులో శరీరంలోని కొలెస్ట్రాల్ సుమారు ఐదో వంతు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నాడీ తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరలోనిదే. ఈ జబ్బులో మైలిన్ చిట్లినప్పుడు ఆ శిథిలాలను మైక్రోగ్లియా వంటి కణాలు మింగి శుభ్రం చేయాలి. వయసు మళ్లిన చిట్టెలుకల్లో ఆ కణాలు మింగిన కొలెస్ట్రాల్‌ను బయటికి పంపలేకపోతున్నాయని, అది లోపలే స్ఫటికాలుగా పేరుకుని కొత్త మైలిన్ ఏర్పడకుండా అడ్డుపడుతోందని 2018లో ఒక అధ్యయనం చూపింది. దాన్ని బయటికి పంపించే దారి వెతకడమే నా పని.

మా కష్టమంతా ఆ ‘వయసు మళ్లిన’ అన్న చోటే ఉంది. లేత చిట్టెలుకలు మైలిన్ పోయినా త్వరగా కోలుకుంటాయి కనుక మా ప్రశ్నకు అవి చాలవు. ఏడాది దాటినవి కావాలి, వాటిని మేమే పుట్టినప్పటి నుంచి పెంచుకోవాలి. మేతకు, యానిమల్ హౌస్ రుసుముకు ప్రతి నెలా డబ్బు కట్టాలి. మొదటి ఏటి సొమ్ము ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపితే ఒకచోట సంతకం లేదని తిప్పి పంపారు. సరిచేసి పంపేసరికి ఫైలు చూసే అధికారి మారారు, కొత్త నమూనాలో మళ్లీ పంపమన్నారు. ఈలోగా మార్చి 31 వచ్చింది, ఖర్చుకాని సొమ్ము వెనక్కి పోయింది. ఏడాది చివర చేతికొచ్చిన డబ్బును ఏ ప్రయోగశాల అయినా కొద్ది వారాల్లో ఎలా ఖర్చు పెట్టగలదో దయచేసి ఆలోచించండి. చివరికి బాకీ తీర్చే దారి లేక, ఏడాదికి పైగా పెంచిన చిట్టెలుకల్లో ఎక్కువ భాగాన్ని ఏ ప్రయోగమూ చేయకుండానే నిబంధనల ప్రకారం చంపవలసి వచ్చింది. వైద్యానికి పనికొస్తుందన్న కారణంతోనే కదా వాటిని వాడుకోవడానికి నైతిక సంఘం మాకు అనుమతి ఇచ్చింది! దేనికీ పనికిరాకుండా పోయిన ఆ ప్రాణాలకు ఎవరు జవాబుదారీ? మళ్లీ ఇంకో తరాన్ని పెంచేసరికి నా ఫెలోషిప్ గడువే ముగిసిపోతుంది.

2023 జనవరి నుంచి వర్తించేలా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జె.ఆర్.ఎఫ్.) నెలకు 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్.ఆర్.ఎఫ్.) 42,000 రూపాయలకు పెంచినందుకు మేమంతా సంతోషించాం. ఆ పెరిగిన మొత్తం నెలల తరబడి ఖాతాలో పడకపోతే ఇంటి అద్దె ఎలా కట్టుకోవాలి?

రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ మందు ఈ జబ్బుకు పని చేయలేదు కదా, ఇంకా కొలెస్ట్రాల్ మీద పరిశోధన దేనికని మా ప్రాజెక్టు సమీక్షలో అడిగారు. బ్రిటన్‌లో 140 మంది రోగులపై జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో ఆ మందు మెదడు కుంచించుకుపోయే వేగాన్ని 43 శాతం తగ్గించింది. 964 మందిపై చేసిన పెద్ద పరీక్షలో మాత్రం వైకల్యం నెమ్మదించలేదని 2024లో తేలింది. నిజమే. అయితే రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి దాదాపుగా వెళ్లదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గించడం వేరు, మెదడు కణంలో ఇరుక్కున్నదాన్ని బయటికి పంపడం వేరు. ఆ మందు ఫలించలేదు కనుకనే ఈ మూల పరిశోధన మరింత అవసరం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. తిరగబెట్టి తగ్గే రకానికి మందులు చాలానే వచ్చాయి. ముదిరే రకం రోగులకు మాత్రం వైద్యులు చేయగలిగింది ఇప్పటికీ చాలా తక్కువ.

అయ్యా, దయచేసి గ్రాంటు విడుదల చేయించండి. జంతువులను ఏళ్ల తరబడి పెంచవలసిన ప్రాజెక్టుల సొమ్మును మార్చి 31న వెనక్కి తీసుకోకండి. మీ కార్యాలయాల జాప్యం వల్ల పోయిన కాలానికి సరిపడా ఫెలోషిప్ పొడిగించండి. కొత్తగా పుట్టిన చిట్టెలుకల మేతకు ప్రస్తుతం మా గైడ్ గారే తన జీతంలోంచి ఇస్తున్నారు, ఎంతకాలం ఇవ్వగలరు? గ్రాంటు ఇవ్వడం కుదరకపోతే ఆ మాటే లిఖితపూర్వకంగా చెప్పండి, మరొక తరాన్ని పెంచి చంపే పాపమైనా మాకు తప్పుతుంది.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
హైదరాబాద్