బేస్ ఇమేజ్ జోలికి వెళ్లకు, నాన్నా

చిరంజీవి కిరణ్‌కు అమ్మ ఆశీస్సులు.

మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు గానీ, ఈ ఉత్తరం అందుకు రాయడం లేదు. నువ్వు రాత్రి మూడింటి దాకా ల్యాప్‌టాప్‌లో నడిపే వర్చువల్ రౌటర్ల డిస్క్ ఇమేజ్‌లు (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా దాచినవి) మారుస్తూ కూర్చుంటున్నావనీ, ఎవరో పంపిన ఇమేజ్‌ను ల్యాబ్‌లో పెట్టుకున్నావనీ మన శీను సుబ్బులత్తయ్యతో అన్నాడట. అది నిజం కాకూడదని నా కోరిక. ముక్కూమొహం తెలియనివాళ్లు మార్చిన ఇమేజ్‌లో ఏం దూర్చారో బూట్ చేసేవారికి తెలియదు. ఓపెన్‌వర్ట్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ అయితే ఇమేజ్‌తో పాటు, ఫైల్ మారలేదని సరిచూసుకునే షా256 చెక్‌సమ్ కూడా ఇస్తారు. సరిచూసుకుని వర్చువల్ డిస్క్‌లకు వాడే క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మార్చుకోవడం ఎంత పని?

ఇమేజ్ ఎందుకు మార్చాలనిపిస్తుందో నాకు తెలియనిది కాదు. ఆరు ఓపెన్‌వర్ట్ రౌటర్లు లేపితే ఆరూ 192.168.1.1 చిరునామాతోనే లేస్తాయి, ఒక్కోదానిలో ప్యాకేజీలు ఎక్కించడం విసుగు. నువ్వు తొమ్మిదో తరగతి ముగించిన వేసవిలో మా కాలేజీ ల్యాబ్‌లో ఆ విసుగుతోనే నేను పొరపాటు చేశాను. ఆరు రౌటర్లకూ అడుగున ఒకే అసలు ఇమేజ్, అంటే బేస్ ఇమేజ్, ఉండేది, పిల్లలు చేసిన మార్పులు మాత్రం ఎవరివి వారి ఓవర్‌లే ఫైళ్లలో (బేస్ మీద పొరలా ఉండేవి) చేరేవి. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతికి కావలసిన ప్యాకేజీని ఒక్కచోట పెడితే అందరికీ అందుతుందనుకుని, రౌటర్లన్నీ ఆపి, బేస్ ఇమేజ్‌నే ఎన్‌బీడీ ద్వారా (ఇమేజ్ ఫైల్‌ను మామూలు డిస్క్‌లా తెరిచే పద్ధతి) మౌంట్ చేసి అందులో రాశాను. ఓవర్‌లే తనలో మారిన బ్లాకులను మాత్రమే దాచుకుని మిగతావన్నీ బేస్ నుంచి చదువుతుంది గనుక, అడుగున బేస్ మారేసరికి పాతవీ కొత్తవీ కలగలిసి ఫైల్ సిస్టమ్‌లు చెడిపోయాయి. మర్నాడు రెండు రౌటర్లు బూటే కాలేదు, మిగతావి సగంలో ఆగిపోయాయి. పిల్లలు రెండు నెలలు కూర్చుని చేసిన కాన్ఫిగరేషన్ అంతా పోయింది. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదని మీ నాన్న ఇప్పటికీ గుర్తు చేస్తారు. నువ్వు వేళకు తింటున్నావా?

అసలు ఇమేజ్‌ను రీడ్-ఓన్లీ చేసి పక్కన పెట్టు. దాని మీద ఓవర్‌లే ఒకటి సృష్టించి, అందులో బూట్ చేసి, కావలసినవి మార్చి, డ్రాప్‌బేర్ (రౌటర్‌లోకి దూరం నుంచి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామ్) రౌటర్ గుర్తింపుకు వాడే హోస్ట్ కీలు తుడిచి, పద్ధతిగా షట్‌డౌన్ చేశాక, క్యూఎమూ ఇమేజ్ కన్వర్ట్ అనే కమాండ్‌తో రెండింటినీ కలిపి కొత్త పేరుతో కొత్త బేస్ తీసుకో. కీలు తుడవకపోతే ఆరు రౌటర్లకూ ఒకే కీ ఉంటుంది. నడుస్తున్న రౌటర్ డిస్క్‌ను మాత్రం బయటి నుంచి ఎన్నడూ తెరవకు.

రాత్రంతా నడిచే ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకు, గాలి ఆడదు. కందిపొడి, నెయ్యి శీనుతో పంపుతున్నాను. ఈ ఆదివారం ఫోన్ చేసి, ఆ బయటి ఇమేజ్ తీసేశావో లేదో చెప్పు. ఎంత పొద్దుపోయినా మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
అమ్మ