గుప్తనిధుల వేటలో పారేస్తున్న దంతాలు

సంపాదక మహాశయా,

గుప్తనిధుల కోసం పాత సమాధులను తవ్వారన్న వార్తలు మన జిల్లా పేజీలలో తరచుగా కనిపిస్తుంటాయి. ఎవరు పట్టుబడ్డారో, ఏ పూజలు చేశారో, ఎంత లోతు తవ్వారో వివరంగా రాస్తారు. చివరికి ఏమీ దొరకలేదని ముగిస్తారు. ఆ చివరి వాక్యం చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. తవ్విపోసిన మట్టిలో కుండ పెంకులు, ఎముక ముక్కలు, పళ్ళు ఉండవచ్చు. అవి ఏమయ్యాయో ఎవరూ అడగరు. నేను చిత్తూరులో దంతవైద్యురాలిని. పంటి విలువ తెలిసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పళ్ళపై గోధుమరంగు మచ్చలున్నవారు నా దగ్గరకు వస్తే, ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారని అడగను. ఎనిమిదేళ్ళ లోపు ఏ ఊళ్ళో పెరిగారని అడుగుతాను. ఎందుకంటే ఫ్లోరైడు మచ్చ పన్ను ఏర్పడే వయసులోనే పడుతుంది, ఆ తరువాత పడదు. అలా పడిన మచ్చ చెరగదు కూడా. ఇరవై ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్నవారి నోట్లో కూడా వారి సొంత ఊరి బోరునీళ్ళ ఆనవాలు అలాగే ఉంటుంది.

పాతకాలపు మనుషులు ఎక్కడ పెరిగారో, ఏం తిన్నారో తెలుసుకోవడానికి పురావస్తు శాస్త్రవేత్తలు పంటిని పరీక్షించే పద్ధతికి మూలం ఇదే. పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, మన శరీరంలో దానికి మించిన గట్టి పదార్థం లేదు. ఎముక జీవితమంతా అరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి ఏర్పడితే అంతే. శాశ్వత దంతాల్లో మొదటి దవడ పన్ను పైభాగం బిడ్డ పుట్టే సమయానికి మొదలై సుమారు 3 ఏళ్ళకు పూర్తవుతుంది. రెండోది 7, 8 ఏళ్ళకు పూర్తవుతుంది. జ్ఞానదంతం ఆ వయసులో మొదలై 12 నుంచి 16 ఏళ్ళ మధ్య ముగుస్తుంది. మూడు పళ్ళూ దొరికితే పసితనం, బాల్యం, యౌవనారంభం మూడూ దొరికినట్టే.

అందులో చూసేది ప్రధానంగా స్ట్రాన్షియం అనే మూలకం. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులంటారు, పేరు పక్కనున్న అంకె ఆ బరువును చూపిస్తుంది. రాళ్ళలోని రుబీడియం-87 కోట్ల ఏళ్ళ మీద స్ట్రాన్షియం-87గా మారుతుంది. కాబట్టి రుబీడియం ఎక్కువగా ఉన్న పాత రాళ్ళలో, స్ట్రాన్షియం-86తో పోలిస్తే 87 వాటా ఎక్కువగా ఉంటుంది. రాయి మట్టి అవుతుంది, ఆ మట్టి సారం నీటికీ పైరుకూ చేరుతుంది, వాటి నుంచి పంటిలోకి వచ్చి కాల్షియం ఉండవలసిన చోట కూర్చుంటుంది. మన పలమనేరు, కుప్పం ప్రాంతాల గ్రానైటు, నైస్ శిలలు 250 కోట్ల ఏళ్ళ నాటి పాతకాలపు రాళ్ళు. మహారాష్ట్ర నల్లరేగడి కింద ఉన్న దక్కన్ బసాల్టు వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళే. సముద్రపు నీటిలో ఆ నిష్పత్తి ప్రపంచమంతటా ఒక్కటే, 0.7092. పలమనేరు ఎర్రమట్టిలో పండినది తిని పెరిగిన బిడ్డ, పులికాట్ ఒడ్డున పెరిగిన బిడ్డ, నల్లరేగడిలో పెరిగిన బిడ్డ ముగ్గురూ ఒకే సమాధిలో ఉన్నా, వారు ఒకచోట పెరిగినవారు కారని పళ్ళు చెప్పగలవు.

ఈ పద్ధతితో తెలిసిన సంగతుల్లో నా మనసును ఎక్కువగా కదిలించింది సింధు నాగరికతకు చెందినది. హరప్పాలోనూ, హర్యానాలోని ఫర్మానాలోనూ శ్మశానాల్లో దొరికిన పళ్ళలో స్ట్రాన్షియం, సీసం ఐసోటోపులను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. క్రీ.పూ. 2600–1900 కాలానికి చెందిన మనుషులు వాళ్ళు. పసితనంలో ఏర్పడిన పన్నుకూ, తరువాత ఏర్పడిన పన్నుకూ తేడా కనిపించింది. అంటే పుట్టిన చోటును చిన్నతనంలోనే వదిలి ఆ పట్టణాలకు వచ్చారన్న మాట. అలా పాతిపెట్టినవారిలో దాదాపు అందరూ బయటి నుంచి వచ్చిన మొదటి తరం వారేనని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఆ పిల్లలు ఎందుకు వచ్చారో, ఎవరు పంపారో పన్ను చెప్పదు. ఇల్లు వదిలారన్నది మాత్రం చెబుతుంది. ఆ నాగరికత లిపిని మనం ఇంకా చదవలేకపోతున్నాం. దాని ముద్రల గురించి, మురుగు కాలువల గురించి బడిలో చదువుకున్నాను. ఇల్లు వదిలి వచ్చిన ఒక చిన్నపిల్ల గురించి మాత్రం పళ్ళ వల్లే తెలిసింది.

ఇక తిండి సంగతి. వరి, గోధుమ, ఉలవలు, పెసలు గాలిలోని కార్బన్‌ను ఒక తీరులో గ్రహిస్తాయి. రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, చెరకు మరో తీరులో గ్రహిస్తాయి. మొదటి రకం మొక్కల్లో కార్బన్-13 విలువ సుమారు మైనస్ 26 ఉంటే, రెండో రకంలో మైనస్ 12 దగ్గర ఉంటుంది. ఒక ప్రామాణిక నమూనాతో పోలిస్తే ప్రతి వెయ్యికి ఎంత తక్కువో చూపే అంకె ఇది. తిన్నవారి ఎముకలో, పంటిలో ఆ తేడా నిలిచిపోతుంది. (తేనెలో చెరకు పాకం కలిపారేమో తేల్చేది కూడా ఈ తేడాతోనే.) నైట్రోజన్-15 ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ప్రతి వెయ్యికి 3 నుంచి 5 పెరుగుతుంది. దానివల్ల మాంసం, పాలు, చేపలు ఎంత తిన్నారో అంచనా వేయవచ్చు, బిడ్డకు తల్లిపాలు ఎప్పుడు మాన్పించారో కూడా తెలుసుకోవచ్చు.

మా అవ్వ పలమనేరు దగ్గరి పల్లెలో రోజూ రాగిసంగటి వండేది. అన్నం పండుగనాటి మాట. ఇప్పుడు పెళ్ళి భోజనాల్లో రాగిసంగటిని ప్రత్యేక వంటకంగా వడ్డిస్తున్నారు. ఈ మార్పు ఒక తరంలో జరిగింది. అంతకు ముందరి మార్పుల మాట ఏమిటి? రాగి ఆఫ్రికా తూర్పు మెట్ట ప్రాంతాల నుంచి వచ్చిన పంట. అది రాక ముందు దక్షిణాదిలోని నవీన శిలాయుగపు రైతులు అండు కొర్రలు, ఉలవలు, పెసలు పండించారని బళ్ళారి దగ్గరి సంగనకల్లు వంటి చోట్ల దొరికిన మాడిన గింజలు చెబుతున్నాయి. మన చిత్తూరు నేల మీద వరి ఎప్పుడు కొందరి కంచంలోకి వచ్చింది? ఒకే ఊళ్ళో కొందరికి వరి, కొందరికి చిరుధాన్యం అన్న తేడా ఎప్పుడు మొదలైంది? ఈ ప్రశ్నలకు శాసనాలు జవాబివ్వవు. శాసనాల్లో ఉన్నది దానం చేసినవారి సంగతి. కూలివాళ్ళు ఏం తిన్నారో తెలియాలంటే వాళ్ళ పళ్ళనే అడగాలి.

ఈ పద్ధతికి హద్దులు ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పు. కార్బన్ చూసి అది రాగో కొర్రో తేల్చలేము. జొన్నచొప్ప మేసిన ఆవు పాలు తాగినా చిరుధాన్యం తిన్నట్టే కనిపించవచ్చు. అందుకే గింజలను, పశువుల ఎముకలను కూడా కలిపి చూడాలి. ఏ కులం వారో, ఏ భాష మాట్లాడారో ఐసోటోపు చెప్పదు. ఒక పన్ను దొరకగానే ఇది మా పూర్వీకులదేనని పోటీ పడేవారికి ఈ శాస్త్రంలో చోటు లేదు.

వేర్వేరు పరీక్షలు కలిస్తే ఎంత తెలుస్తుందో రూప్‌కుండ్ చూపించింది. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సు దగ్గరి అస్థికలన్నీ ఒకే వడగళ్ళ వానలో చనిపోయిన యాత్రికులవని చాలాకాలం చెప్పుకున్నారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు, విదేశీ పరిశోధకులతో కలిసి 38 మంది డీఎన్ఏను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. అందులో 23 మంది దక్షిణాసియా వారు, క్రీ.శ. 800 ప్రాంతానికి చెందినవారు. 14 మంది తూర్పు మధ్యధరా సముద్ర ప్రాంతపు మూలాలున్నవారు, ఒకరు ఆగ్నేయాసియా మూలాలున్నవారు. ఈ 15 మంది క్రీ.శ. 1800 ప్రాంతం వారు. ఎముకల్లోని ఐసోటోపులు కూడా ఆ మాటకు బలం ఇచ్చాయి. మధ్యధరా మూలాలున్నవారి తిండిలో చిరుధాన్యాల జాడ దాదాపు లేదు. దక్షిణాసియా వారిలో కొందరు చిరుధాన్యాలు బాగా తిన్నవారు.

రూప్‌కుండ్‌లో మంచు ఎముకలను కాపాడింది. మన వేడి నేలల్లో ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీను త్వరగా నశిస్తుంది. చాలాచోట్ల చివరికి మిగిలేది ఎనామిలే. అందుకే ఇక్కడ పారేసిన ప్రతి పన్నూ పెద్ద నష్టం. చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లెలో ఉన్న పాండవుల గుళ్ళ వంటి రాతి సమాధులు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలాచోట్ల ఉన్నాయి. నిధి ఉందని కొన్నిటిని పగలగొడుతున్నారు. కొన్ని పొలం చదును చేసేటప్పుడు జేసీబీ కింద పోతున్నాయి.

సమాధులను కొత్తగా తవ్వమని నేను అడగడం లేదు. చనిపోయినవారిని కదిలించడం ఇష్టంలేనివారి మనసు నాకు అర్థమవుతుంది. ఇప్పటికే ఎవరో తవ్విపోసిన వాటిని జాగ్రత్త చేయమంటున్నాను. పరీక్షకు కొన్ని మిల్లీగ్రాముల ఎనామిల్ పొడి చాలు, మిగిలిన పన్ను భద్రంగా ఉంటుంది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పంటికి బజారులో ధర లేదు కాబట్టి దాన్ని అప్పగించాలని ఎవరికీ తోచదు.

మరో పని కూడా జరగాలి. ఏ మండలపు నేలలో స్ట్రాన్షియం నిష్పత్తి ఎంతో తెలియకపోతే పన్ను చెప్పిన అంకెకు అర్థం ఉండదు. పడమట గ్రానైటు, తిరుమల కొండల మీద క్వార్ట్‌జైటు, తూర్పున సముద్రతీరపు ఒండ్రు: ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల నేలలు ఉండడం మన అదృష్టం. ఎరువులు తగలని శేషాచలం అడవి మొక్కలు, మండలాల వారీగా పాత చేదబావుల నీళ్ళు సేకరించి పటం తయారు చేయవచ్చు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు శాఖ ఉంది. ఏర్పేడులో శాస్త్ర విద్య, పరిశోధనల సంస్థ ఐఐఎస్ఈఆర్ ఉంది. హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ ఉంది. ఈ మూడూ కలిసి దీన్ని చేపట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

పొలంలో పాత ఎముకలు, పళ్ళు బయటపడితే రైతులు వాటిని కడగవద్దు, చేత్తో తుడవవద్దు. ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, తహసీల్దారుకు చెప్పాలి. మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఈసారి గుప్తనిధుల తవ్వకం వార్త రాసేటప్పుడు, అక్కడ దొరికిన ఎముకలు, పళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయని పోలీసులను అడిగి, వారి జవాబును వార్తలో ప్రచురించండి.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు,
చిత్తూరు