బల్బులు కొనకముందు ఒకసారి చదువు

చిన్నా,

రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. కారు డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారి, స్పీడోమీటరు ముల్లు కనపడక సెల్ టార్చి వేసి చూసుకున్నానన్నావు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు నాన్నా. ఆ చీకట్లో ఇంజిన్ వేడెక్కినా టెంపరేచర్ ముల్లు నీకు కనపడదు. ఇది బాగయ్యేదాకా రాత్రిపూట కారు తియ్యకు.

బల్బులన్నీ మార్చేస్తానంటున్నావు, కాస్త ఆగు. ఆ కారు నేను 12 ఏళ్లు నడిపాను. నాకూ ఒకసారి ఇలాగే అయితే మెకానిక్ బల్బులన్నీ కొత్తవి వేశాడు. వెలుతురు రవ్వంత కూడా పెరగలేదు. కరెంటు బల్బుల దాకా పూర్తిగా చేరడం లేదని నాకు తర్వాత తెలిసింది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే చాలు, వెలుతురు సుమారు 30 శాతం పడిపోతుంది. అందుకే దారిలో ఎక్కడో కొంచెం చిలుము పట్టినా డ్యాష్‌బోర్డు అంతా మసకేస్తుంది.

ముందు లైట్ల స్విచ్ పక్కనున్న చిన్న పళ్ల చక్రం చూడు. అదే డిమ్మర్, డ్యాష్‌బోర్డు వెలుతురు పెంచేది, తగ్గించేది. దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి తిరిగిపోయిందేమో. పార్కింగ్ లైట్లు వేసి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా 20, 30 సార్లు తిప్పు. లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది, దాని మీద ఇత్తడి నాలుక లాంటిది ఒకటి రాసుకుంటూ జరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకేచోట ఆగిపోతే అక్కడ నల్లటి పొర కడుతుంది. తిప్పుతుంటే లైట్లు మిణుకుమిణుకుమన్నాయా, దొంగ దొరికినట్టే. లైట్లు ఆపేసి, కరెంటు తగిలే చోట్లు శుభ్రం చేసే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొంచెం కొట్టి, ఆరాక మళ్లీ తిప్పు. నాకు ఆ రోజు సగానికి పైగా వెలుతురు దీంతోనే తిరిగొచ్చింది. ఎంత సంతోషపడ్డానో!

హెడ్‌లైట్లు కూడా నీరసంగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే అన్నీ వెలుగుతున్నాయంటే మాత్రం సంగతి వేరు. వోల్టులు కొలిచే మల్టీమీటరు బ్యాటరీకి పెట్టు. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. నడుస్తున్నప్పుడు అంత రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్టు మెకానిక్‌కి చూపించు.

డిమ్మర్‌తో పని కాకపోతేనే మీటర్ల పెట్టె బయటికి తియ్యి. ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదియ్యి, ఇది మర్చిపోవద్దు. వెనకాల స్పీడోమీటరు కేబుల్ ఉంటుంది, దాని క్లిప్పు నొక్కి లాగాలి గాని బలంగా గుంజకు. బల్బు హోల్డర్లు పావు వంతు తిప్పితే చేతిలోకి వస్తాయి. ఒక్కో బల్బునీ తెల్లకాగితం మీద పెట్టి చూడు. గాజు లోపల పొగచూరినట్టు నల్లగా ఉంటే మార్చు, అదీ అదే వాట్ల బల్బుతో. ఎక్కువ వాట్లది వేస్తే వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. హోల్డరు రేకులు వెలిసిపోయి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దు. ఆ వెనకున్న రాగి గీతల షీటు చాలా పల్చన, దాన్ని గట్టిగా రుద్దితే చిరుగుతుంది.

మీ ఫ్రెండ్ ఎల్‌ఈడీలు వెయ్యమన్నాడు కదా. వాటికి ప్లస్, మైనస్ చూసి పెట్టాలి, పాత డిమ్మర్‌తో సరిగ్గా తగ్గవు. వేసినా, బ్యాటరీ గుర్తున్న ఎర్ర లైటు జోలికి వెళ్లకు. ఇలాంటి పాత కార్లలో ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టడానికి కావాల్సిన కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది.

చివరగా ఎర్త్ వైరు. అన్నీ బిగించి, బ్యాటరీ కలిపి, లైట్లు వేశాక మల్టీమీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది మీటర్ల పెట్టె ఎర్త్ వైరుకి పెట్టు. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఆ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టిందని లెక్క. ఆ స్క్రూ విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించు.

ఇవన్నీ పగటి పూటే చెయ్యి. మీటరు చూపించిన అంకెలు ఒక కాగితం మీద రాసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. చక్రం తిప్పినప్పుడు ఏమైందో అది ముందు చెప్పు.

అమ్మ