సంతకం లేకుండానే నోటరీ ముద్ర

సంపాదకులకు,

మా మనుమరాలికి కాలేజీలో చేరడానికి గ్యాప్ అఫిడవిట్ (మధ్యలో చదువు ఆగిందని ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం) కావాల్సి వచ్చింది. ఫోన్‌లో 'ఆన్‌లైన్ నోటరీ' అన్న ప్రకటన చూసి ఆధార్ ఫొటో, నాలుగు వందలు పంపింది. గంటలో పీడీఎఫ్ వచ్చింది. గుండ్రటి ముద్ర, నోటరీ స్టాంపులు అన్నీ ఉన్నాయి. కింద 'నా ఎదుట సంతకం చేశారు' అని కూడా ఉంది. పిల్ల సంతకం చేయాల్సిన చోటు మాత్రం ఖాళీ! అడిగితే, ప్రింటు తీసి మీరే పెట్టుకోండన్నారట.

1952 నాటి నోటరీల చట్టం నోటరీకి అప్పగించిన పనుల్లో ప్రమాణం చేయించడం ఒకటి. మనిషిని చూడకుండా ఎవరిచేత చేయించినట్టు? 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తించింది నిజమే. వీలునామాను అందులోంచి మినహాయించింది. వీడియోలో నోటరీ ఎలా చేయాలో మాత్రం ఆ చట్టంలోనూ లేదు, నోటరీల చట్టంలోనూ లేదు. 2024లో కేంద్రం తెచ్చిన నోటరీ పోర్టల్ కూడా నోటరీల నియామకాలు, లైసెన్సు రెన్యువల్ వంటి పనుల కోసమే, మన కాగితాల కోసం కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2011లోనే వీడియో నోటరీకి చట్టం చేసింది. అక్కడ ఆ రికార్డింగును భద్రపరచాలి.

ఆన్‌లైన్‌ వాళ్లనే అని ఏం లాభం? కోర్టు గేటు ముందు టైపు మిషన్ల దగ్గర ముందే ముద్రలు కొట్టిన కాగితాలు చూడనివాళ్లు ఎవరు? నల్లగొండ చుట్టుపక్కల నోటరీ కాగితం మీద ప్లాటు కొని, అదే రిజిస్ట్రేషన్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక ముద్ర ఫోన్‌లోనే దొరుకుతుందంటే చెప్పేదేముంది!

వీడియో నోటరీ వద్దని నేననను. బొంబాయి, పుణె పనులకు పోయిన మా దేవరకొండ తండాల వాళ్లు ఒక్క అఫిడవిట్ కోసం కూలి పోగొట్టుకుని రావాల్సి వస్తోంది. రికార్డింగు, రిజిస్టరు, గుర్తింపు తనిఖీ ఉండేలా కేంద్ర న్యాయశాఖ నిబంధనలు తేవాలి. అప్పటిదాకా జిల్లాలోని నోటరీల పేర్లు, లైసెన్సు గడువు ప్రతి కోర్టు బయటా బోర్డు మీద రాయించాలి. అసలు ఏడాది చదువు ఆగిందని చెప్పడానికి నోటరీ దేనికి? విద్యార్థి సొంత ధ్రువీకరణ తీసుకుంటే కాలేజీలకు పోయేదేముంది?

మా పిల్ల మరునాడు కోర్టుకు పోయి, నోటరీ ఎదుట నిలబడి, రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చింది. ఆ నాలుగు వందలు మాత్రం తిరిగి రాలేదు.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా