ఈ ఏడాది మన సంఘం రిపోర్టు: పోలీసుల విషయంలో మనోళ్ళు ఏమన్నారు, మనం ఏం చేశాం

సభ్యులందరికీ నమస్కారమండి. డ్రైను పూడిక, వీధి లైట్లు, వినాయక చవితి పందిరి ఖర్చు వగైరా లెక్కల కాగితంలో ఉన్నాయి, అది విడిగా పంచాం, చూసుకోండి. ఈసారి జనరల్ బాడీలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది పోలీసుల గురించే కాబట్టి నేనూ దాని గురించే వివరంగా రాస్తున్నానండి.

సంక్రాంతి హడావుడి అయిపోయాక కమిటీ వాళ్ళం ఇంటింటికీ తిరిగి అడిగాం, మన టౌన్లో పోలీసులు ఎలా ఉంటే బాగుంటుందని. కొత్త స్టేషన్ కావాలి, ఇంకో జీపు తిరగాలి అన్నవాళ్ళు తక్కువే. ఎక్కువమంది అన్నది ఒక్కటే, మనం వెళ్ళి చెప్పుకుంటే విని రాసుకోవాలి, రాసుకున్నట్టు చేతికి కాగితం ఇవ్వాలి.

ఎందుకన్నారో చెప్తాను. కాలువ గట్టు మీద టిఫిన్ బండి పెట్టుకునే మన సభ్యురాలి ఫోన్, బండి మీద ఛార్జింగ్ పెడితే ఎవరో పట్టుకుపోయారు. డ్వాక్రా వాయిదాలు, కస్టమర్ల ఫోన్ పే అంతా అందులోనే ఆవిడకి. స్టేషన్‌కి వెళ్తే "దొంగతనం అని ఎందుకమ్మా, ఎక్కడో పడిపోయిందని రాసివ్వు, తొందరగా పనైపోద్ది" అన్నారంట. పడిపోయిందని రాస్తే దొంగతనం కేసు ఉండదు, దొంగని వెతకక్కర్లేదు, నేరాల లెక్కా పెరగదు, మరి నష్టపోయిన మనిషి సంగతేంటి? కమిటీ నుంచి ఇద్దరం ఆవిడతో కూడా వెళ్ళి దొంగతనం అనే రాయించి, ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని, పోయిన ఫోన్లు పనిచేయకుండా ఆపించే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్లో ఆ ఫోన్ బ్లాక్ చేయించాం. ఫోన్ ఇంకా దొరకలేదు గానీ కాగితం అయితే ఆవిడ చేతిలో ఉంది.

ఆ తర్వాతే లాయరు గారిని పిలిచి మీటింగ్ పెట్టాం. రానివాళ్ళ కోసం ముఖ్యమైనవి రాస్తున్నాను. కేసు కట్టదగ్గ నేరం అని తెలుస్తుంటే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలిత కుమారి కేసులోనే చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లో అయినా ఇవ్వొచ్చు, కాపీ ఫ్రీగా ఇవ్వాలి, తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు, అక్కడా పని జరక్కపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళొచ్చు. ఆడవాళ్ళనీ, అరవై దాటిన పెద్దవాళ్ళనీ సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలి. ఈ చివరి మాట విని మీటింగ్‌కి వచ్చిన పెద్దావిడ ఒకరు "ఆయ్, ఈ ముక్క ముందే తెలిస్తే పోయినేడు అన్నిసార్లు తిరిగేదాన్ని కాదు కదండీ" అన్నారు, నాకు చాలా బాధేసింది.

రాత్రి గస్తీ విషయంలో మాత్రం మనలో మనకే ఒక మాట లేదు. రొయ్యల షెడ్డుల్లో నైట్ షిఫ్ట్ చేసి వ్యాన్ దిగి చీకట్లో నడిచొచ్చే ఆడవాళ్ళు గస్తీ బండి ఇంకా తిరగాలంటున్నారు. పేట కుర్రాళ్ళేమో అదే బండి మమ్మల్నే ఆపుద్ది, అడ్రస్ అడిగి, ఫోన్ లాక్కుని మెసేజ్‌లు చూస్తారు, మెయిన్ రోడ్డు బుల్లెట్ బండ్లని మాత్రం వదిలేస్తారు అంటున్నారు. రెండూ నిజమే, రెండూ మన పిల్లల సంగతే. అందుకే గస్తీ ఉండాలి, ఆపితే మర్యాదగా మాట్లాడాలి, ఎందుకు ఆపారో చెప్పాలి అని ఒకే అర్జీలో రాసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, రసీదు సంఘం ఫైల్లో ఉంది.

కానిస్టేబుళ్ళ కష్టం కూడా చెప్పాలండి, చెప్పకపోతే తప్పు. మన బీటు చూసే మనిషి సంక్రాంతికి బందోబస్తు, అంతర్వేది తీర్థానికి బందోబస్తు, మంత్రి గారొస్తే బందోబస్తు, ఇక వీధిలోకి వచ్చేదెప్పుడు? 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు, అది అందరికీ ప్రతి వారం అందాలి. 2027లో గోదావరి పుష్కరాలు, అప్పుడు ఘాట్ల దగ్గరకే అందరినీ వేస్తారు, టౌన్లో ఎవరుంటారో ఇప్పుడే అడగాలి.

ఇంకోటి, సీఐ గారు మన వీధులు తెలుసుకునేలోపే ట్రాన్స్ఫర్ అయిపోతున్నారు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు, స్టేషన్ ఆఫీసర్‌ని కనీసం రెండేళ్ళు కదపొద్దని, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకో అథారిటీ పెట్టాలని, దర్యాప్తు చేసేవాళ్ళు వేరే, బందోబస్తు చూసేవాళ్ళు వేరే ఉండాలని చెప్పింది. ఇన్నేళ్ళైంది, మన వీధిలో ఎంతమందికి తెలుసు ఇది? ఎమ్మెల్యే గారికి ఇచ్చిన వినతిపత్రంలో మొదటి పేరా ఇదే పెట్టాం, జవాబు రాలేదు, మళ్ళీ వెళ్తాం.

కువైట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి తాళం ఉంటే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే, తాళం వేసిన ఇంటి మీద నిఘాకి పోలీసులు పెట్టే కెమెరా కోసం రిజిస్టర్ చేయించుకోండి, పోలీసులు డబ్బులేం తీసుకోరు.

చివరిగా మన చందాలతో పెట్టిన సీసీ కెమెరాలు. ఫుటేజీ ఎవరడిగితే వాళ్ళకి చూపించడం ఆపాలని కమిటీ అభిప్రాయం. పోలీసులు అడిగితే రాతపూర్వకంగా తీసుకుని రిజిస్టర్లో ఎక్కించి ఇవ్వాలి, ఎవరింటికి ఎవరొచ్చారో చూసుకోడానికి ఎవరికీ ఇవ్వకూడదు. తీర్మానం డ్రాఫ్ట్ నోటీసు బోర్డు మీద అంటించాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చే మీటింగ్ లోపు రాసి సంతకం పెట్టి ఇవ్వండి, తీసుకున్నట్టు మీకూ రసీదు ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి