తెర వెనక గొంతుకి ఒక కాగితం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ మన కళాకారుల్ని పిలిపించి కార్యక్రమాలు చేసే ఒక చిన్న సంస్థలో, వాళ్ళ వీసా కాగితాలు సర్దే పని పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. మిమ్మల్ని డబ్బు అడగడానికో, సిఫార్సు అడగడానికో రాయడం లేదు. మీరు తలుచుకుంటే ఒక్క జీవోతో అయ్యే పని కోసం రాస్తున్నాను.

అనంతపురం వైపు తోలుబొమ్మలాట పెద్దాయన ఒకరిని ఇక్కడి యూనివర్సిటీ పిలిచింది. రెండేళ్ళపాటు విడతలుగా వచ్చి ఆట ఆడాలి, తోలు చెక్కి రంగులెయ్యడం పిల్లలకి నేర్పాలి. బృందం మొత్తానికి పనికొచ్చే పీ-3 వీసా ఉంది గానీ అది ఒక విడతకి ఏడాది దాటదు. అందుకని లాయరు ఓ-1 వెయ్యమన్నారు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళ కోసం 1990 చట్టంతో వచ్చిన వీసా అది. మొదటిసారే మూడేళ్ళ దాకా ఇస్తారు.

ఆ ప్రతిభని ఎలా కొలుస్తారో మీరు వినాలి. ఆస్కారో గ్రామీయో ఉంటే సరే. లేదంటే ఆరు రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపాలి. పేరున్న ప్రదర్శనల్లో ముఖ్యపాత్ర, పత్రికల్లో సమీక్షలు, ప్రభుత్వం గానీ నిపుణులు గానీ ఇచ్చిన గుర్తింపు, పెద్ద పారితోషికం, బాక్సాఫీసు వసూళ్ళ వంటి విజయం, ఇలా ఉంటాయి. శివరాత్రికి ఊరి మధ్యలో తెర కట్టి తెల్లవార్లూ ఆడేదానికి వసూళ్ళ లెక్క ఎక్కణ్ణుంచి తేవాలి? ఆటకి టికెట్టే లేదు, ఊరు గింజలు కొలిచి పెట్టేది. మీ కళకి ఇవి అతకవనుకుంటే వీటికి సాటివచ్చే వేరే ఆధారం చూపమనే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. అదీ కాగితమే కావాలి. తెలుగు కాగితమైతే పూర్తి ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకం జతచెయ్యాలి.

పెద్దాయన ఫైలు ఎలాగో కుదిరింది. పాత పేపర్ కటింగులు, ఒక అవార్డు పత్రం, పండితుల ఉత్తరాలు దొరికాయి. ఆగిపోయింది ఆయన భార్య దగ్గర.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి తెలుసు, ఆట సగం చేతిలో ఉంటే సగం గొంతులో ఉంటుంది. నలభై ఏళ్ళుగా సీత ఆమే, మండోదరి ఆమే, మధ్యలో జనాన్ని నవ్వించే బంగారక్కా ఆమే. ఆమె కోసం ఆధారాలు వెతికితే ఒక్కదాంట్లోనూ పేరు లేదు. కటింగుల్లో ఆయన పేరు, పక్కన ‘మరియు బృందం’. ఇంట్లో పద్నాలుగు షీల్డులున్నాయి. వీడియో కాల్‌లో ఒక్కొక్కదాన్నీ కొంగుతో తుడిచి చూపించింది. ఉత్సవం పేరుంది, ముఖ్య అతిథి పేరుంది, పాడినామె పేరు లేదు. శాలువాలు పెట్టె నిండా ఉన్నాయి. "ఇవేమైనా పనికొస్తాయా నాయనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

సహాయక బృందానికి ఓ-2 ఉంది కదా అనుకున్నాం. దానికీ ఆయనతో కలిసి పనిచేసిన అనుభవానికి రుజువు పెట్టాలి. భార్యగా ఓ-3 మీద రావచ్చన్నారు. ఓ-3 మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం గానీ కచేరీ గానీ చెయ్యకూడదు. అంటే తెర వెనక ఆయన బొమ్మ ఆడిస్తుంటే, ఆమె ముందు వరసలో నోరు మూసుకుని కూర్చోవాలి. సీత మాట ఎవరు చెబుతారని పెద్దాయన అడిగాడు. గొంతు రికార్డు చేసి వేద్దామన్నాం. ఆయన ఒప్పుకోలేదు. అలా అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ప్రయాణం ఆగిపోయింది.

అమెరికా చట్టం మీ చేతిలో లేదు. ఫీజులూ అంతే. 2024 ఏప్రిల్‌లో ఓ-1 దరఖాస్తు ఫీజు 460 డాలర్ల నుంచి 1,055కి పెరిగింది, మాలాంటి లాభాపేక్ష లేని సంస్థలకి 530. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. మీ శాఖ సాయంతో జరిగే ప్రతి ఉత్సవంలో బొమ్మ ఆడించినవారికీ, హార్మోనియం పట్టినవారికీ, తాళం వేసినవారికీ, వంత పాడినవారికీ ఎవరి పత్రం వాళ్ళకి ఇవ్వండి. పేరు, చేసిన పాత్ర, తేదీ, ఊరు, పారితోషికం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. ఒక శాలువా ఖర్చు కూడా కాదు. పత్రికలకి పంపే ప్రకటనల్లో ‘బృందం’ అనే మాట తీసేసి పేర్లు రాయించండి. పాత ఉత్సవాల రికార్డుల నకలు, కళాకారులు అడిగినప్పుడు ఇప్పించండి.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో, హరికథ ఉమామహేశ్వరి గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతటి గుర్తింపు ఉన్నవాళ్ళకి ఫైలు కట్టడం నాకు తేలిక. నేను అడుగుతున్నది వాళ్ళ వెనక కూర్చుని పాడేవాళ్ళ కోసం.

యూనివర్సిటీ పిలుపు వచ్చే ఆగస్టు దాకా ఉంది. ఆమెకి తను పాడిన ఉత్సవాల్లో మూడింటి తేదీలు నోటికి వచ్చు. ఆ మూడూ మీ కార్యాలయానికి విడిగా రాసి పంపాను. రికార్డులు వెతికించి, ఆమె పేరుతో పత్రాలు ఇప్పించండి.

ఇట్లు,
వీసా కాగితాలు సర్దే ఒక కార్యకర్త,
న్యూజెర్సీ