అమ్మలూ, ఆ ప్యాకేజీ మాత్రం వద్దు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఆ కోచింగ్ సెంటర్ ప్యాకేజీ సంగతి చెబితే ఊ కొట్టి పెట్టేశాను, డబ్బుల గురించి ఆలోచిస్తున్నానని అనుకుని ఉంటావు. డబ్బుల గురించి కాదు. మూడు నెలల్లో సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ, క్లౌడ్ సర్టిఫికెట్లు ఆజూర్ (మైక్రోసాఫ్ట్‌ది), ఏడబ్ల్యూఎస్ (అమెజాన్‌ది) మూడూ, అదీ నూటికి నూరు శాతం పాస్ గ్యారంటీ అన్నావు చూడు, ఆ గ్యారంటీ అనగానే నాకు 2002 గుర్తొచ్చింది.

నేను అమీర్‌పేటలో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంసీఎస్ఈ సర్టిఫికెట్ చేశానని నీకు తెలుసు, షాపు గోడకి ఫ్రేము ఇంకా ఉంది. దాని వెనక సంగతి అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. విండోస్ 2000 మీద ఏడు పరీక్షలు రాయాలి, తాతయ్య ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బులు సగం దానికే పోయాయి. నేను చేరిన చోట లెక్చర్లు వారానికి రెండు రోజులే, మిగతా రోజులంతా జిరాక్సు తీసిన డంపులు, అంటే బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, బట్టీ కొట్టడమే. ఎంత బట్టీ అంటే ప్రశ్న మొదటి లైను చూస్తే చాలు, జవాబు బి అని చెప్పేసేవాణ్ణి. ఏడూ పాసయ్యాను.

తర్వాత బేగంపేటలో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ చేసినాయన ప్రశ్నలేమీ అడగలేదు, ఒక సిస్టం ముందు కూర్చోబెట్టి దీన్ని డొమైన్‌లో కలుపు బాబూ అన్నాడు, అంటే ఆఫీసు సిస్టంలన్నీ ఒకే సర్వర్ కింద ఉండే గుంపులోకి. కలవదే. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, రీస్టార్ట్ చేశాను, సర్వర్‌కి పింగ్ (అవతలి సిస్టం పలుకుతోందా అని చూసేది) బ్రహ్మాండంగా వెళ్తోంది, పాస్‌వర్డ్ కరెక్టే, నాకేమో ఏసీలో చెమటలు. పావుగంట చూసి ఆయనే వచ్చి టీసీపీ ఐపీ ప్రాపర్టీస్ తెరిచి డీఎన్ఎస్ (పేరు అడిగితే అడ్రస్ చెప్పే సర్వర్) గడి మీద వేలు పెట్టాడు. అక్కడ ఆఫీసు సర్వర్ అడ్రస్ ఉండాలి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల అడ్రస్ ఉంది. డొమైన్ ఎక్కడుందో సిస్టం డీఎన్ఎస్‌నే అడుగుతుంది, బయటివాళ్ల డీఎన్ఎస్‌కి ఆ ఆఫీసు డొమైన్ గురించి ఏం తెలుస్తుంది? ఇంతా చేస్తే ఆ ప్రశ్న నా డంపులో ఉన్నదే. జవాబు డి. అక్షరం గుర్తుంది, ఆ గడి ఎక్కడుంటుందో మాత్రం తెలీదు. మాలాంటి వాళ్లని అప్పట్లో పేపర్ ఎంసీఎస్ఈ అనేవాళ్లు.

ఆ ఎంసీఎస్ఈని కూడా మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో ఆపేసింది, ఇప్పుడు మన షాపులో తప్ప ఎక్కడా పనికిరాదు.

కాబట్టి ఒక్కటే చెయ్యి, సీసీఎన్ఏ. ఆజూర్, ఏడబ్ల్యూఎస్‌లలో వాళ్లు చెప్పినవి తొలి మెట్టు పరీక్షలు, తప్పు కాదు కానీ వాటికి తొందర లేదు. నువ్వు ఈసీఈ చదివావు, నెట్‌వర్కింగ్ నీకు కొత్త కాదు. పరీక్ష ఒక్కటే, 120 నిమిషాలు, 2020 ఫిబ్రవరి నుంచి కొత్త సిలబస్, నంబరు 200-301. ఫీజు 300 డాలర్లు, పన్ను కలిపితే 30 వేలు దగ్గరికి వస్తుంది, అది నేను కడతాను. ఇంకోటి, అందులో ఒకసారి నెక్స్ట్ నొక్కాక వెనక్కి వెళ్లనివ్వరు, నీకేమో ఎంసెట్ టైం నుంచి వదిలేసి మళ్లీ వచ్చి చూసుకునే అలవాటు, అది ఇప్పటి నుంచే మానుకో. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీ అన్న భాగానికే 25 శాతం, అంటే రౌటింగు (ఒక నెట్‌వర్కు నుంచి ఇంకోదానికి దారి చూపడం) రాకపోతే కష్టం. పాసయ్యాక మూడేళ్లే చెల్లుతుంది, ఆ లోపు రెన్యూ చేసుకోవాలి, పెళ్లి ఫోటోలాగా గోడకి తగిలించి మర్చిపోయేది కాదు.

డంపుల జోలికి పోకు. పట్టుకుంటే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయనివ్వరు కూడా, కానీ నేను వద్దనేది ఆ భయంతో కాదు, బేగంపేట సంగతి చెప్పాను కదా. నీ బదులు ఇంకొకరు రాస్తారని ఎవరైనా చెవిలో వేస్తే ఆ సందులోకే వెళ్లకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు కొట్టిన నెట్‌వర్క్ కేబుల్ గుర్తుందా, రైస్ మిల్లులో సీసీ కెమెరాలకి వేసింది. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయని ఎగిరి గంతేశావు. రెండు రోజులకి మిల్లు వాళ్లు ఫోన్ చేశారు, బొమ్మ ఆగి ఆగి వస్తోందని. వెళ్లి చూస్తే ఆకుపచ్చ జత రెండు వైర్లూ పక్కపక్కన ప్లగ్గులో 3, 4 పిన్నుల్లో పెట్టావు, అవి 3, 6లోకి వెళ్లాలి, మధ్యలో నీలం జత రావాలి. రెండు చివర్లా అదే తప్పు చేశావు కాబట్టి టెస్టర్‌కి తెలియలేదు, ఏ వైరు ఎక్కడికి చేరిందో చూస్తుంది తప్ప ఏ జతలో ఉందో ఆ నాలుగు వందల రూపాయల టెస్టర్ చూడదు. అప్పుడు నీకు చెప్పలేదు, ఊరెళ్లే హడావిడిలో ఉన్నావు. రెండు చివర్లూ కోసి మళ్లీ కొట్టాను, ఇప్పుడు బాగానే ఉంది.

రోజూ రాత్రి భోంచేశాక ఫోన్ చేస్తాను, ఒక లెక్క అడుగుతాను. ఇవాళ్టిది ఇదిగో: 192.168.10.77, స్లాష్ 26, ఏ నెట్‌వర్కులో ఉంది, బ్రాడ్‌కాస్ట్ ఎంత? కాగితం లేకుండా నిమిషంలో చెప్పాలి. (స్లాష్ 26 అంటే 64 అడ్రస్‌ల చొప్పున గుంపులు, ఇది 64తో మొదలయ్యే గుంపులో ఉంది, బ్రాడ్‌కాస్ట్ అంటే గుంపులో అందరికీ ఒకేసారి పంపే చివరి అడ్రస్, అది 127, మధ్యలో 62 మెషీన్లు పెట్టుకోవచ్చు. రేపటి నుంచి జవాబు రాయను.)

పరీక్షకి పేరు రిజిస్టర్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టు. టెన్త్ మెమోలో నీ ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, ఆ తేడాకి సెంటర్ గేటు దగ్గర వెనక్కి పంపేస్తే ఫీజు పోయినట్టే. ఫెయిలైతే టెన్షన్ పడకు, ఐదు రోజులాగి మళ్లీ రాయొచ్చు, రెండోసారి ఫీజు కూడా నాదే. మూడోసారికి మాత్రం అమ్మని అడగాలి.

రేపు ఆర్టీసీ కార్గోలో ఒక అట్టపెట్టె పంపుతున్నాను. షాపులో పడున్న పాత సిస్కో 2960 నెట్‌వర్క్ స్విచ్, 24 పోర్టులది, శుభ్రం చేసి ఆన్ చేసి చూశాను, పనిచేస్తోంది. వీల్యాన్లు (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా చీల్చడం), ట్రంకులు (వాటన్నిటినీ ఒకే కేబుల్ మీద మోసే లింకులు) దాని మీద చెయ్యి, రౌటింగు ప్యాకెట్ ట్రేసర్ అనే సిస్కో సాఫ్ట్‌వేర్‌లో చేసుకో, అది ఫ్రీయే. ఫ్యాను బాగా రొద పెడుతుంది, రాత్రి పది దాటాక ఆన్ చేస్తే హాస్టల్ పిల్లలు తంతారు. పెట్టెలో నీలం రంగు కేబుల్ ఒకటి ఉంటుంది, ఫోన్ కేబుల్ అనుకుని పారేసేవు, స్విచ్‌ని సెట్ చెయ్యడానికి కంప్యూటర్‌కి కలిపే కన్సోల్ కేబుల్ అది. దాని కిందే అమ్మ పెట్టిన సున్నుండలు.

నాన్న